వంద యూనిట్ల గీత దగ్గర: భోకర్ ఇళ్లలో కరెంటు పొదుపు

భోకర్‌లో పెళ్లికి భైంసా నుంచి చుట్టాలొస్తే, భోజనాల దగ్గర మాట వానల మీద మొదలై, పత్తి ధర మీదుగా తిరిగి, చివరికి కరెంటు బిల్లు దగ్గర ఆగుతుంది. అటువైపు వియ్యంకుడు "మాకైతే సున్నా బిల్లు వస్తది" అని మీసం మెలేస్తాడు. తెలంగాణలో గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. ఇటువైపు వియ్యంకుడికి మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్ ఇచ్చే మరాఠీ బిల్లులో మొదటి వంద యూనిట్లకు ఒక రేటు, నూట ఒకటో యూనిట్ నుంచి దానికి దాదాపు రెట్టింపు. 1956 నవంబరు 1కి ముందు ఈ రెండు ఊళ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో, ఒకే నాందేడ్ జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో భైంసా, ముధోల్, కుబీర్ అటు ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. భోకర్ ఇటు నాందేడ్‌తో పాటు బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చేరింది. ఎండ ఒకటే, నల్లరేగడి ఒకటే, ఇంట్లో మాట్లాడే తెలుగూ దాదాపు ఒకటే. కరెంటు లెక్క మాత్రం ఒకటి కాదు.

అందుకే తక్కువ ఖర్చుతో ఇంట్లో కరెంటు, గ్యాసు ఆదా చేయడం ఎలా అన్న ప్రశ్న భోకర్‌లో వేస్తే హైదరాబాద్‌లోనో పుణేలోనో వచ్చే జవాబు సరిపోదు. పత్రికల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో వచ్చే జాబితాలన్నీ ఒకే మూసలో ఉంటాయి. బల్బు మార్చండి, స్విచ్ ఆపండి, ఏసీ 24 మీద పెట్టండి అంటాయి. అందులో కొన్ని ఇప్పటికే జరిగిపోయినవి, కొన్ని ఇక్కడ అక్కరలేనివి. ఒకటి రెండు మాత్రం నిజంగా డబ్బు మిగిల్చేవి. వేటిలో ఎంత బలం ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు బిల్లు చదవడం రావాలి. మహారాష్ట్రలో గృహ వినియోగానికి శ్లాబులు 100, 300, 500 యూనిట్ల దగ్గర మారతాయి. 2024-25 రేట్లలో మొదటి వందకు యూనిట్ కరెంటు చార్జీ 5 రూపాయల లోపే ఉంటే, 101 నుంచి 300 దాకా 10 రూపాయలు దాటింది. దాని మీద 'వహన్ ఆకార్' అనే తీగల బాడుగ, మొత్తం మీద 16 శాతం విద్యుత్ సుంకం. అన్నీ కలిపితే వంద లోపు యూనిట్ ఏడు రూపాయలకు, వంద దాటిన యూనిట్ పదమూడుకు కొంచెం అటూ ఇటూ పడింది. చాలామంది వంద దాటితే మొత్తం బిల్లే కొత్త రేటుకు వెళ్లిపోతుందని భయపడతారు. అది నిజం కాదు, దాటిన యూనిట్లకే కొత్త రేటు. కానీ దీని అర్థం ఇంకోటి ఉంది. నెలకు 140 యూనిట్లు కాల్చే ఇల్లు మొదట తగ్గించే నలభై యూనిట్లు పదమూడు రూపాయల యూనిట్లే. 80 యూనిట్లతో నడిచే ఇల్లు అంతే కష్టపడి అంతే తగ్గిస్తే దక్కేది సగం. కాబట్టి పొదుపు మాట ముఖ్యంగా వంద గీతకు పైన ఉన్న ఇళ్లది, అదీ మార్చి నుంచి జూన్ దాకా. బిల్లు మీద గత నెలల వాడకం పట్టీల రూపంలో అచ్చవుతుంది. ఆ పట్టీలు ఏ నెలలో లేచాయో చూస్తే చాలు, ఇంట్లో దొంగ ఎవరో తెలిసిపోతుంది. భోకర్‌లో ఆ దొంగ పేరు ఎండ.

బల్బుల సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే అది గెలిచిన యుద్ధం. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 2014 మొదట్లో ప్రభుత్వ టోకు కొనుగోలులో 310 రూపాయలున్న బల్బు రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకు దిగింది. 60 వాట్ల గుండు బల్బు ఇచ్చే వెలుగు ఇప్పుడు 9 వాట్లలో వస్తోంది. ఢిల్లీకి చెందిన సీఈఈడబ్ల్యూ సంస్థ 2020లో 21 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పదిళ్లలో దాదాపు తొమ్మిదింట ఎల్‌ఈడీ కనిపించింది. ఇంకా పశువుల కొట్టంలోనో దేవుడి గూట్లోనో పాత బల్బు వేలాడుతుంటే మార్చేయండి. అంతకంటే ఈ విషయంలో చెప్పడానికి లేదు. ఒక్క పితలాటకం మాత్రం ఉంది. వెలుగు చవకైతే దాన్ని ఎక్కువసేపు, ఎక్కువ చోట్ల వాడతాం. పండగకు పెట్టిన రంగుల లైట్ల దండ సంక్రాంతి దాకా దిగదు. ఇంజన్లు తక్కువ బొగ్గుతో నడిస్తే బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుందని ఇంగ్లండులో ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే రాశాడు.

ఇక పైకప్పు. నా లెక్కలో ఈ మొత్తం ప్రశ్నలో సగం బరువు ఇక్కడే ఉంది. జాబితాలు రాసేవాళ్లు దీన్ని అడుగున ఎక్కడో పెడతారు.

భోకర్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతంలో పాత ఇల్లంటే మాళవద్, మన వాళ్ల మాటలో మట్టి మిద్దె. టేకు దూలాలు, వాటి మీద పలకలు, ఆ పైన అడుగు మందాన తెల్లమట్టి. పగలంతా ఎండ తాగినా ఆ మట్టి వేడిని కిందికి దిగనివ్వదు, దిగే లోపు పొద్దు గుంకుతుంది. భోకర్ పాత పేటల్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివి ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. కానీ ఏటా వానలకు ముందు మట్టి వేసి సరిచేసే మనిషి దొరకడం లేదు. కురిసిందంటే దూలం కుళ్లుతుంది. అందుకే ఎక్కడ చూసినా సిమెంటు స్లాబు, అంత స్తోమతు లేకపోతే రేకులు. అందులో ఎవరి తప్పూ లేదు. పక్కా ఇల్లు అందరి కల. అయితే ఆ కల ఎండాకాలంలో కుంపటిలా కాలుతుంది.

నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా వేడెక్కి, దాన్ని లోపలికి వదలడం సాయంత్రం మొదలుపెడుతుంది. రాత్రి పది గంటలకు అరచెయ్యి సీలింగు మీద పెట్టి చూడండి, బయట గాలి చల్లబడినా అది ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది, ఆ వెచ్చటి గాలినే కిందికి తోస్తుంది. రేకుల ఇల్లు దీనికి తిరగేసిన కథ. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా లోపల కూర్చోలేం, రాత్రికి తొందరగా చల్లారుతుంది. రెండింటికీ మందు ఒకటే, ఎండను పైకప్పు మీదే తిప్పి పంపడం. అంటే తెల్లరంగు.

దీని మీద మన దగ్గరే పని జరిగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి హైదరాబాద్ ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద కొలిచి, ఆ ఫలితాలు 2012లో ప్రచురించారు. ఏ పూతా లేని కాంక్రీటు పైకప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనానికి అయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం మిగిలింది. నల్లటి పైకప్పు తెల్లబడితే 14 నుంచి 26 శాతం. అవి ఏసీలున్న భవనాలు కాబట్టి యూనిట్లలో లెక్క తేలింది. ఫ్యాను, కూలర్ మాత్రమే ఉన్న భోకర్ ఇంట్లో లాభం అంతా బిల్లులో కనిపించదు. కొంత బిల్లులో, ఎక్కువ భాగం నిద్రలో కనిపిస్తుంది. ఆ తేడా గుర్తుంచుకోవాలి, లేకపోతే "సున్నం వేసినా బిల్లు పెద్దగా తగ్గలేదే" అని నిరాశ పడతాం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మూడు వందల చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది, అందులో రెండు వందలు హైదరాబాద్ వాటా. అంటే ఈ పని ఎక్కువ అవసరమైన చిన్న పట్టణాలకు మిగిలింది మూడో వంతే. సరిహద్దుకు ఇటువైపు భోకర్‌కు ఆ లెక్క కూడా వర్తించదు.

విధానం రాకున్నా పని ఆగనక్కర్లేదు. రాతి సున్నం తెచ్చి ముందు రోజే డ్రమ్ములో నీళ్లు పోసి చల్లారనివ్వాలి. అది బుసబుస పొంగుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. మర్నాడు పలుచటి గుడ్డలో వడగట్టి, పట్టు కోసం ఫెవికాల్ లాంటి జిగురు కలిపి, స్లాబు బాగా ఊడ్చి కడిగి, సాయంత్రం పూట పొడుగు బ్రష్షుతో రెండు మూడు పూతలు వేయాలి. మధ్యాహ్నం వేస్తే ఎండకు పొడిలా రాలిపోతుంది. సిమెంటు రేకుల మీద సున్నం నిలుస్తుంది. ఇనుప రేకుల మీద నిలవదు, వాటికి తెల్ల పెయింటు తప్పదు, ఖర్చు పెరుగుతుంది. వేయడానికి సమయం ఫిబ్రవరి చివర. ఏప్రిల్ నాటికి దుమ్ము పట్టి తెల్లదనం తగ్గుతుంది, ఒకసారి ఊడిస్తే మళ్లీ తేరుకుంటుంది. వానలకు చాలా భాగం కొట్టుకుపోతుంది. ఇది లోపమే కానీ అందులో ఒక సౌకర్యం కూడా ఉంది. చలికాలానికి స్లాబు మళ్లీ బూడిద రంగుకు వచ్చి ఎండ తాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున భోకర్ చలి తెలిసినవాళ్లు దీన్ని తీసిపారేయరు. రసాయన పూతలు కొన్నేళ్లు నిలుస్తాయి, వాన నీరు దిగకుండా ఆపుతాయి. కానీ ధర సున్నానికి ఎన్నో రెట్లు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మాత్రం పైన తెల్ల పింగాణీ ముక్కలు పరిపిస్తే ఏటా ఈ పని ఉండదు. టైల్స్ దుకాణంలో పగిలిన ముక్కలు బేరమాడితే చవకగానే వస్తాయి.

రేకుల మీద జొన్న సొప్ప, పత్తికట్టె పరిచే అలవాటు పల్లెల్లో ఉంది. నీడకు మంచిదే, నిప్పుకు మరీ మంచిది. పక్కింటి పొయ్యి రవ్వ ఒక్కటి చాలు. వేయాలనుకుంటే రేకుకు జానెడు ఎత్తున వెదురు కట్టి ఆకుపచ్చ నెట్టు పరిస్తే మధ్యలో గాలి ఆడుతుంది.

ఇక్కడ చిన్న పక్కమాట. ఇంటర్నెట్టులో దొరికే పొదుపు సలహాల్లో సగం చలిదేశాల నుంచి దిగుమతైనవి. తలుపు సందులు మూయండి, కిటికీలకు బిగువు పట్టీలు పెట్టండి, గోడల్లో దూది నింపండి అంటాయి. అక్కడ ఖర్చంతా ఇల్లు వెచ్చగా ఉంచడానికి, లోపలి వేడి బయటికి పోకూడదు. మనకు కావాల్సింది దాదాపు దానికి వ్యతిరేకం, ఏసీ గది ఒక్కటి తప్ప. పగలు పడమటి కిటికీ మూసి బయటి నుంచి గోనెపట్టా వేలాడదీయాలి. లోపలి కర్టెను పెద్దగా పనికిరాదు, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. చీకటి పడ్డాక అన్నీ బార్లా తెరవాలి. అమ్మమ్మలు చేసిందీ ఇదే. దోమల కోసం కిటికీకి జాలీ పెట్టించడం ఈ ప్రాంతంలో కరెంటు పొదుపు ఖర్చుల్లో ఒకటి అని నేనంటే నవ్వుతారు. రాత్రి కిటికీ తెరుచుకునేది జాలీ ఉన్న ఇంట్లోనే మరి.

కూలర్ విషయానికి వద్దాం. నాందేడ్, పర్భణీ, ఆదిలాబాద్ ప్రాంతమంతా పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ కాబట్టి నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రం ఇక్కడ పనిచేసినట్టు కోస్తాలో పనిచేయదు. మచిలీపట్నంలో కూలర్ పెట్టి ఒళ్లంతా జిగటగా ఉందని తిట్టుకునేవాళ్లు ఈ తేడా వల్లే తిట్టుకుంటారు. ఒక లీటరు నీరు ఆవిరవడానికి తీసుకునే వేడి ఒక యూనిట్ కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులకు సమానం. ఆ వేడిని గాలిలోంచి లాగుతుంది కాబట్టే 42 డిగ్రీల గాలి 28, 30 డిగ్రీలకు దిగి గదిలోకి వస్తుంది. పెద్ద కూలర్ రెండొందల వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది, రోజుకు పది గంటలకు రెండు యూనిట్లు. టన్నున్నర ఏసీ ఎనిమిది గంటల్లో పది యూనిట్ల దాకా తింటుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల మీద మొదలయ్యేలా నిబంధన వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. మంచిదే, కానీ భోకర్‌లో ఇంకా కూలర్‌దే రాజ్యం.

ఆ కూలర్‌నే మనవాళ్లు తప్పుగా నడుపుతారు. చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించి, గది మధ్యలో కూలర్ పెట్టి తిప్పుతారు. అది తాను వదిలిన తేమగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గంటలో గది చెమ్మగా మారి, చల్లదనం ఆగిపోయి, చెమట ఆరదు. అప్పుడు స్పీడు పెంచుతారు. కూలర్ కిటికీ బయట ఉండాలి, ఎదురు వైపు కిటికీనో తలుపో జానెడు తెరిచి ఉండాలి. లోపలికొచ్చిన గాలికి బయటికి పోయే దారి కావాలి. దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది గడ్డి. కూలర్ గడ్డి అని మనం పిలిచే కట్టె పీచును ఏటా మార్చాలి. బోరు నీళ్ల ఉప్పు దానికి పట్టి తెల్లగా గట్టిపడితే గాలి దూరదు, మోటారు ఊరికే తిరుగుతుంది. వేలితో నొక్కితే కరకరలాడితే దాని పని అయిపోయినట్టే. తేనెతుట్టె ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయి కానీ ఈ ఉప్పునీళ్లకు వాటి ఆయుష్షూ తగ్గుతుంది. కూలర్‌ను నీడలో పెడితే ఇంకా మేలు. వానాకాలం మొదలయ్యాక పంపు కట్టేసి ఉత్త ఫ్యానుగా వాడుకోవాలి, అప్పుడు నీళ్లు పోసినా ఫలితం లేదు.

ఇక్కడే పెద్ద ఇబ్బంది. పెద్ద కూలర్ మండుటెండలో గంటకు పది లీటర్లకు అటూ ఇటూ తాగుతుంది. మరాఠ్వాడాలో ఎండ, నీటి కరువు కలిసే వస్తాయి. 2016 ఏప్రిల్‌లో లాతూర్‌కు మిరజ్ నుంచి రైలులో నీళ్లు తెచ్చిన సంగతి ఎవరూ మరవలేదు. అంతకు ముందు ఏడాది నీళ్లు లేక బీడ్ జిల్లా పర్లీ థర్మల్ కేంద్రమే మూతపడింది. బొగ్గు కరెంటుకూ నీళ్లు కావాలి, కూలర్‌కూ నీళ్లు కావాలి. ట్యాంకరు కొనే వాడకట్టులో కూలర్ పొదుపు అనే మాట చెల్లదు. అక్కడ సున్నం, కిటికీ, మంచి ఫ్యాను, ఈ మూడే దిక్కు.

ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. బ్రష్షులు లేని డీసీ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు మొదటిది 34 యూనిట్లు, రెండోది పదమూడున్నర. ఒక్క ఫ్యానుకే ఇరవై యూనిట్ల తేడా. ఇంట్లో మూడు ఫ్యాన్లు అలా తిరిగితే ఎండాకాలంలో అరవై యూనిట్లు, అంటే వంద గీత దాటిన ఇల్లు మళ్లీ ఇటువైపు రావడానికి అది చాలు. ధరలో తేడా వెయ్యి నుంచి పదిహేను వందలు. వంద గీతకు పైన ఉన్న ఇంట్లో ఆరేడు నెలల ఫ్యాను కాలంలో అది రాబట్టుకోవచ్చు, కింద ఉన్న ఇంట్లో ఏడాది పైనే పడుతుంది. అయినా పైన చెప్పిన 2020 సీఈఈడబ్ల్యూ సర్వేలో ఇలాంటి ఫ్యాన్లు నూటికి మూడు ఇళ్లలోనే కనిపించాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు. అయినా దుకాణంలో ఫ్యాను కొనేవాడు చూసేది రంగు, బ్రాండు, ధరే.

ఎందుకు కొనరు? తెలియక అని చెప్పడం తేలిక. నాకు కనిపించే కారణం వేరే. మామూలు ఫ్యాను కాలిపోతే తాలూకా కేంద్రంలోని ఏ వైండింగ్ షాపువాడైనా రాగి తీగ చుట్టి తిరిగి నడిపిస్తాడు. స్పీడు తగ్గితే చిన్న కెపాసిటర్ మారిస్తే చాలు. బీఎల్‌డీసీలో పోయేది ఎలక్ట్రానిక్ బోర్డు. దాన్ని కంపెనీకి పంపాలి, వారంటీ కాగితం వెతకాలి, మే నెలలో పదిహేను రోజులు ఫ్యాను లేకుండా పడుకోవాలి. వోల్టేజీ ఎగిరి పడే పల్లెల్లో ఆ భయం ఒట్టిది కాదు. అందుకే నా సలహా ఇది. ఎక్కువ గంటలు తిరిగే ఒక్క ఫ్యానును, సాధారణంగా పడకగదిది, ముందు మార్చండి, తీసిన పాతదాన్ని అటక మీద ఉంచండి. మిగతావాటికి పాత డబ్బా రెగ్యులేటర్ ఉంటే దాన్ని తీసేయండి. అది స్పీడు తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా పారబోస్తుంది. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషి చెమటను ఆరబెడుతుంది అంతే. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను ఎవరికీ పనికిరాదు.

వంటింటికి వెళ్దాం. ఇక్కడ తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు తేడా లేకుండా రోజూ జొన్నరొట్టె, కందిపప్పు. గ్యాసుంది. ఉజ్వల సిలిండరు వచ్చిన ఇళ్లలోనూ రొట్టెలకు, నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి ఆరలేదు. పత్తి తీసేశాక చేలో మిగిలే పత్తికట్టె, కందికట్టె ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేదానితో పోటీపడి గెలవడం ఏ పొయ్యికైనా కష్టం. ఈ పోటీ చరిత్రలో ఒక అధ్యాయం మన హైదరాబాద్‌ది. భోకర్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రోజుల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయం డైరెక్టర్ డాక్టర్ ఎస్.పి.రాజు పొగ రాని మట్టిపొయ్యి ఒకటి రూపొందించి, 1953లో దాని మీద పుస్తకం వేశారు. గిన్నెలు దిగబడే గుంతలు, ఒకదాని వెనక ఒకటి, చివర పొగగొట్టం. మొదటి గిన్నెకు తగలగా మిగిలిన వేడి తర్వాతి గిన్నెలకు, పొగ పైకి. దేశంలో పొగలేని పొయ్యిల మీద జరిగిన తొలి పనుల్లో అది ఒకటి. 1980ల నుంచి కేంద్ర ప్రభుత్వం అదే దారిలో మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు కట్టించి, 2002లో ఆ కార్యక్రమం ఆపేసింది. ప్రయోగశాలలో మిగిలిన కట్టె వంటింట్లో మిగల్లేదు. గొట్టం పగిలితే అతికేవాడు లేడు, గుంత కొలతకు ఇంట్లో గిన్నె సరిపోదు, లెక్క చూపడానికి కట్టిన పొయ్యి రెండేళ్లలో మట్టిలో కలిసింది. బీఎల్‌డీసీ ఫ్యానుకు ఇవాళ ఉన్న చిక్కూ ఇదే జాతికి చెందింది. ఊళ్లో బాగుచేసే చెయ్యి లేని వస్తువు చవకది కాదు, ధర ఎంతున్నా సరే.

గ్యాసు మీద పొదుపు చిన్న చిన్న పనుల్లో ఉంది, అవి అందరికీ తెలిసినవే. కందిపప్పు అరగంట నానబెడితే విజిల్స్ తగ్గుతాయి. అన్నం ఉడుకు పట్టాక మంట తగ్గించినా అదే వేడి, ఎసరు తెర్లినంత మాత్రాన అన్నం తొందరగా ఉడకదు. గిన్నె అంచు దాటిన మంట గోడను కాస్తుంది. తెలియనిది ఒకటి చెప్తాను. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంగ్లండులో గడ్డి పెట్టె అని వాడేవారు. ఉడుకుతున్న గిన్నెను గడ్డి నింపిన పెట్టెలో దాచితే మిగతా వంట దానంతట అదే పూర్తయ్యేది. శనగలు, రాజ్మా లాంటివి రెండు విజిల్స్ రాగానే దించి, కుక్కర్‌ను పాత గొంగడిలో చుట్టి మూల పెట్టి చూడండి. గొర్రె ఉన్ని గొంగడి కంటే మంచి గడ్డి పెట్టె దొరకదు.

నీళ్లు కాచడం చలికాలపు లెక్క. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 20 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్‌కు కాస్త తక్కువ పడుతుంది, రాడ్ పెట్టినా గీజర్ పెట్టినా అంతే. అది భౌతికశాస్త్రం, ఏ కంపెనీ మార్చలేదు. అయిదుగురున్న ఇంట్లో నెలకు డెబ్బై యూనిట్లు. అందుకే ఎండాకాలం తర్వాత బిల్లు లేచే రెండో కాలం డిసెంబరు, జనవరి. మేడ మీద నల్ల డ్రమ్ములో నీళ్లు మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి, పిల్లలకు బడి నుంచి రాగానే స్నానం చేయిస్తే రాడ్‌తో పని లేదు. తెల్లవారి స్నానం తప్పనివాళ్లకు పెరట్లో పత్తికట్టె పొయ్యి ఎలాగూ ఉంది.

మోటారు సంగతి ఇంతే సూటిగా ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్. ట్యాంకు నిండి పొర్లుతుంటే పక్కింటివాళ్లు అరిచేదాకా ఎవరికీ పట్టదు. నిండగానే ఆపే చిన్న పరికరం కొంటే నీళ్లూ కరెంటూ రెండూ నిలుస్తాయి. ఈ ఊళ్లలో రెంటిలో ఏది ఖరీదైందో చెప్పడం కష్టం. ఫ్రిజ్‌కు గోడకూ మధ్య జానెడు ఖాళీ, తలుపు రబ్బరులో కాగితం పెట్టి లాగితే జారకుండా ఉండటం, చలికాలంలో నాబ్ ఒక అంకె తగ్గించడం. అంతకు మించి దానికేమీ చేయలేం. తాగే నీళ్లకు ఆదిలాబాద్ రంజన్ అనే మట్టికుండ పెట్టుకుంటే ఫ్రిజ్ తలుపు రోజుకు ముప్పై సార్లు తెరవక్కర్లేదు. సెట్ టాప్ బాక్స్ టీవీ ఆపినా పది వాట్ల దాకా తింటూనే ఉంటుంది, నెలకు ఏడు యూనిట్లు. గోడ మీద స్విచ్ ఆపితే పోతుంది.

ఒక మోసం గురించి మాత్రం ఆగి చెప్పాలి. సంతల్లోనూ ఫోన్లలోనూ 'కరెంటు ఆదా చేసే డబ్బా' అమ్ముతారు. ప్లగ్గులో గుచ్చితే బిల్లు నలభై శాతం తగ్గుతుందంటారు. స్క్రూ విప్పి చూస్తే లోపల ఒక కెపాసిటర్, బయటికి కనిపించే ఆకుపచ్చ దీపం, దాన్ని వెలిగించే చిన్న బోర్డు. కెపాసిటర్ చేసేది పవర్ ఫ్యాక్టర్ సరిచేయడం. ఆ లెక్క ఫ్యాక్టరీల బిల్లుల్లో ఉంటుంది. ఇంటి మీటరు నిజంగా వాడిన యూనిట్లనే కొలుస్తుంది, అక్కడ ఈ డబ్బా వల్ల ఒక్క పైసా మిగలదు. దాని ఆకుపచ్చ దీపం మాత్రం ఇరవై నాలుగు గంటలూ కాస్త కరెంటు తింటుంది. అదే డబ్బుకు అయిదారు ఎల్‌ఈడీలు వస్తాయి.

ఊరు మొత్తంగా పొదుపు చేసిన కాలం కూడా ఒకటుంది. 2005 తర్వాత మహారాష్ట్రలో గంటల తరబడి కోతలున్నప్పుడు అక్షయ ప్రకాశ్ యోజన కింద పల్లెలు తమకు తామే కట్టడి వేసుకున్నాయి. సాయంత్రం మోటార్లు, పెద్ద భారాలు వేయం, మాకు దీపాలకు కోత లేని కరెంటు ఇవ్వండి అన్నాయి. కోతలు తగ్గాక ఆ అలవాటు పోయింది. గృహజ్యోతి లాంటి పథకాల గురించి ఇటువైపు అసూయగా మాట్లాడేవాళ్లు ఒక సంగతి చూడాలి. 200 దాటితే అక్కడ ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి 195 దగ్గర ఉన్న భైంసా ఇల్లు నెలాఖరున మీటరు చూసుకుంటూ ఫ్యాను కట్టేస్తుంది. 120 దగ్గర ఉన్న ఇల్లు మాత్రం ఫ్యాను మార్చడం గురించి ఆలోచించదు, ఆలోచిస్తే దానికి వచ్చేదేమీ లేదు. పేదింటికి వెలుగు ఊరికే ఇవ్వడం సరైనదే. అయితే ఆ డబ్బులో కొంత ఒకసారి మంచి ఫ్యాను మీద, తెల్లపూత మీద పెట్టి ఉంటే ప్రభుత్వం ఏటా కట్టే యూనిట్లు తగ్గేవి.

చివరగా, భోకర్‌లో అద్దె ఇళ్ల సంగతి. సున్నం వేయాల్సింది యజమాని, చల్లబడేది కిరాయిదారు. బిల్లు కట్టేది కిరాయిదారు కాబట్టి యజమానికి తొందర లేదు. వచ్చే ఏడాది ఇల్లు మారేవాడికి పరాయి స్లాబు మీద డబ్బు పోయాలనిపించదు. మేడ పైకి తాళం వేసి ఉంచే యజమానులూ ఉన్నారు. చాలాచోట్ల కిరాయిదారుకు సబ్ మీటరు పెట్టి ఒకే రేటు వసూలు చేస్తారు. అప్పుడు వంద గీత లాభం అతనికి చేరదు. నలభై యూనిట్లు తగ్గించినా మొదటి యూనిట్ నుంచి అదే రేటు. ఇలాంటివాళ్లకు చెప్పగలిగింది ఒక్కటే. సొంతంగా కొనే ఫ్యాను మంచిది కొనుక్కోవాలి, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లాలి. సున్నం ఖర్చు కిరాయిలో తగ్గించుకునేలా ఫిబ్రవరిలోనే యజమానితో మాట్లాడుకోవాలి, మే వచ్చాక ఆ మాట ఎవరూ వినరు.